గొంతులో గింజ ఇరికితే, ఒళ్లు కాలితే, ఫిట్స్ వస్తే, తేలు కుడితే: 108 వచ్చేలోపు పిల్లలకు ఏం చేయాలి

"బుడ్డలు (చెనిక్కాయ, అంటే వేరుశనగ గింజలు) తింటూ తింటూ నోట మాట లేకుండా అయిపోయాడు, ఏం చేయాలి?" "ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాలా?" "కాలిన చోట పేస్ట్ పూయొచ్చా?" కర్నూలు, అనంతపురం, కడప వైపు తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాం.

అన్నిటికీ సమానంగా చోటు ఇవ్వలేదు. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడుకు దెబ్బ తగలడం మొదలవుతుంది. మండల కేంద్రం నుంచి అంబులెన్స్ అంతలో రాదు. కాబట్టి గొంతులో అడ్డం పడటం, ఊపిరి ఆగడం గురించి వివరంగా చెప్తాం. మిగతావి అవసరమైనంత మేరకే.

ఇందులో పసిబిడ్డ అంటే ఏడాది లోపు బిడ్డ. పిల్లలు అంటే ఏడాది దాటి, ఇంకా ఈడుకు రానివాళ్లు. పసిబిడ్డకు చేసే పద్ధతి వేరు, పిల్లలకు చేసే పద్ధతి వేరు. తారుమారు చేయొద్దు.

ఇంట్లో ముందే ఉండాల్సినవి

- థర్మామీటర్
- పారాసిటమాల్ సిరప్, దానితో వచ్చిన కొలత మూత లేదా సిరంజి
- ఉతికి, బాగా ఎండబెట్టి, కవర్లో మూటగట్టిన పాత నూలుగుడ్డలు నాలుగు
- కత్తెర, టార్చి, సబ్బు
- తలుపు వెనక అతికించిన ఒక కాగితం. దాని మీద బిడ్డ బరువు ఎన్ని కిలోలో, ఏ మందు పడదో రాయండి. కిందనే ఇంటి గుర్తు రాయండి: ఊరు, మండలం, దగ్గర్లోని గుడి లేదా వాటర్ ట్యాంకు. కంగారులో 108కు ఫోన్ చేసినవాళ్లు సొంత ఊరి పేరు కూడా తడబడతారు. కాగితం ఉంటే పక్కింటివాళ్లయినా చూసి చదువుతారు.

1. గొంతులో అడ్డం పడితే

అక్టోబరు, నవంబరు నెలల్లో చెనిక్కాయ పీకే కాలం. మిద్దె మీద, వాకిట్లో, వసారాలో ఎక్కడ చూసినా కాయలే. రెండేళ్ల బిడ్డ నోట్లో గింజ వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సీతాఫలం గింజ, చింతగింజ, నాణెం, శనగలు, పగిలిన బుడగ ముక్క కూడా ఇంతే ప్రమాదం.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: దగ్గు వస్తోందా, రావడం లేదా?

బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా, మాట్లాడుతున్నా గాలి ఆడుతున్నట్టే. అప్పుడు మీరు ఏమీ చేయొద్దు. ముందుకు వంచి కూర్చోబెట్టి దగ్గనివ్వండి. దగ్గుకు ఉన్న బలం మీ చేతికి లేదు. పొలమారితే నెత్తి మీద తట్టడం మన అలవాటు. దానివల్ల గొంతులోది కదలదు. నీళ్లు తాగించడం, అన్నం ముద్ద మింగించడం ఇంకా ప్రమాదం, ఉన్న సందు కూడా మూసుకుపోతుంది.

దగ్గు శబ్దం లేకుండా పోవడం, నోరు తెరిచినా ఏడుపు బయటికి రాకపోవడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఆ క్షణమే మొదలుపెట్టాలి. చామనచాయ బిడ్డల్లో చర్మం మీద నీలం తెలియదు. పెదవి లోపలి వైపు, చిగుళ్లు, నాలుక చూడండి.

ఏడాది లోపు పసిబిడ్డకు

1. ఇంకొకరిని 108కు ఫోన్ చేయమనండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి కింద ఉంచండి, చేతులు ఖాళీగా ఉండాలి.

2. నేల మీదో, స్టూలు మీదో కూర్చోండి. బిడ్డను మీ ముంజేయి మీద బోర్లా పడుకోబెట్టండి. ముంజేయిని తొడ మీద ఆనించండి. బిడ్డ తల ఛాతీ కంటే కిందికి ఉండాలి. దవడను బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోండి. వేళ్లు మెత్తని గొంతు మీద పడకూడదు. అక్కడ పట్టుకుంటే మీరే ఊపిరి ఆపినట్టు అవుతుంది.

3. రెండు రెక్కల ఎముకల మధ్య, అరచేతి అడుగుభాగంతో (మణికట్టుకు ఆనుకున్న గట్టి చోటు) 5 సార్లు చరచండి. నిద్రపుచ్చేటప్పుడు జోకొట్టినట్టు కాదు, ప్రతి దెబ్బా గింజను బయటికి తోసేంత గట్టిగా ఉండాలి. దెబ్బ దెబ్బకూ బయటికి వచ్చిందేమో చూడండి.

4. రాకపోతే రెండో చేతిని వీపు మీద వేసి, తల వెనక అరచేయి ఉంచి, బిడ్డను రెండు చేతుల మధ్య పట్టుకుని వెల్లకిలా తిప్పండి. తల ఇప్పుడు కూడా కిందికే.

5. రెండు చనుమొనలను కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. దానికి కాస్త కింద, రొమ్ము మధ్య ఎముక మీద, ఒక చేతి అరచేతి అడుగుతో 5 సార్లు నొక్కండి. సుమారు 4 సెంటీమీటర్ల లోతు. ఒక్కో నొక్కు విడివిడిగా, చురుగ్గా పడాలి. ఇంతకుముందు రెండు వేళ్లతో నొక్కమని నేర్పేవాళ్లు. వేళ్లకు అంత లోతు అందదని తేలడంతో ఇప్పుడు అరచేతి అడుగు వాడమంటున్నారు.

6. నోరు తెరిచి చూడండి. పైన కంటికి కనబడితేనే చిటికెన వేలితో పక్కకు లాగి తీయండి. కనబడని దాన్ని వెతుకుతూ వేలు పెట్టి కెలకొద్దు. ఇది అందరూ చేసే తప్పు, దానివల్ల గింజ ఇంకా లోపలికి దిగబడుతుంది.

7. 5 దెబ్బలు, 5 నొక్కులు. అడ్డం బయటపడేదాకా లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఇలాగే చేస్తూ ఉండండి. స్పృహ తప్పితే ఆగకుండా రెండో భాగంలోని సీపీఆర్‌కు (ఛాతీ నొక్కుతూ, మధ్యలో నోటితో ఊపిరి ఇవ్వడం) వెళ్లండి.

పసిబిడ్డకు పొట్ట మీద నొక్కడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ వయసులో కాలేయం పక్కటెముకల కిందికి జారి ఉంటుంది, పగిలే ప్రమాదం ఉంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి ఊపడం కూడా వద్దు.

ఏడాది దాటిన పిల్లలకు

1. బిడ్డ వెనక మోకాళ్ల మీద కూర్చోండి, మీ భుజం బిడ్డ భుజం ఎత్తుకు రావాలి. నిలబడి చేస్తే నొక్కు పక్కటెముకల మీద పడుతుంది.

2. ఒక చేయి ఛాతీకి అడ్డంగా పెట్టి బిడ్డను నడుము దగ్గర నుంచి ముందుకు వంచండి. రెక్కల మధ్య అరచేతి అడుగుతో 5 దెబ్బలు.

3. రాకపోతే ఒక చేయి పిడికిలి బిగించండి. బొటనవేలి వైపు భాగాన్ని బొడ్డుకు కాస్త పైన, రొమ్ము ఎముక చివరకు బాగా కింద ఆనించండి. రెండో చేత్తో పిడికిలిని పట్టుకుని లోపలికి, పైకి ఒక్కసారిగా లాగండి. 5 సార్లు.

4. మళ్లీ 5 దెబ్బలు, మళ్లీ 5 లాగుళ్లు. అడ్డం వచ్చేదాకా లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఆపకండి. స్పృహ తప్పితే వీళ్లకూ రెండో భాగంలోని సీపీఆరే.

పొట్ట మీద లాగినవాళ్లు బాగానే కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. లోపల ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో చూస్తారు.

గింజ వచ్చింది, లేదా "సర్దుకుంది" అనుకున్నాక

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పొలమారి, నీలం తిరిగి, పది నిమిషాల తర్వాత బిడ్డ ఆడుకుంటుంటే మింగేశాడని వదిలేస్తారు. బుడ్డ గింజ కడుపులోకి కాక ఊపిరితిత్తుల గొట్టంలోకి, ఎక్కువగా కుడివైపుకు, దిగి ఉండొచ్చు. అక్కడ నాని ఉబ్బుతుంది. దానిలోని నూనె గొట్టం గోడను వాచేలా చేస్తుంది. రెండు రోజులకో రెండు వారాలకో దగ్గు, పిల్లికూత, జ్వరం. అప్పుడు దగ్గు మందులు, న్యుమోనియా మందులు నడుస్తాయి.

కాబట్టి ఇవి చూసుకోండి: దగ్గు తగ్గుతోందా? చెవి ఛాతీకి ఆనిస్తే రెండు వైపులా ఒకేలా గాలి శబ్దం వినబడుతోందా? పడుకున్నప్పుడు ఈలలాంటి చప్పుడు ఉందా? ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, అసలు గింజ బయటికి వచ్చిన సంగతి మీరు కళ్లారా చూడకపోయినా, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లి మొదటి మాటగా "బుడ్డలు తింటూ పొలమారింది" అని చెప్పండి. వారాలు గడిచిపోయినా చెప్పండి. బుడ్డ గింజ ఎక్స్‌రేలో కనబడదు. "ఎక్స్‌రే మంచిగా ఉంది" అన్నంత మాత్రాన లేదని కాదు. సన్నని గొట్టం కెమెరాతో చూసి తీయాల్సి ఉంటుంది, అది పెద్దాసుపత్రి పని.

ఐదేళ్లు నిండేదాకా చెనిక్కాయ గింజలు గింజలుగా పెట్టొద్దు. పొడి కొట్టి సంగటిలోనో అన్నంలోనో కలపండి. బెల్లం ఉండలు, చిక్కీలు కూడా అప్పుడే వద్దు. పరుగెత్తుతూ, ఏడుస్తూ, నవ్వుతూ ఉండగా నోట్లో ఏదీ పెట్టకండి.

2. ఊపిరి ఆగి పడిపోతే

1. పసిబిడ్డ అయితే అరికాలు మీద తట్టండి, పిల్లలైతే భుజం తట్టి గట్టిగా పేరు పెట్టి పిలవండి. బలంగా ఊపొద్దు.

2. కదలిక లేకపోతే పొట్టా ఛాతీ లేస్తున్నాయా అని చూడండి. 10 సెకన్లకు మించి చూడొద్దు. అప్పుడప్పుడూ చేపలా నోరు తెరిచి ఎగపీల్చడం ఊపిరి కాదు, ఊపిరి ఆగిందనే లెక్క.

3. స్పీకర్‌లో 108. ఫోన్ దగ్గర లేకుండా ఒక్కరే ఉంటే ముందు 2 నిమిషాలు సీపీఆర్ చేసి, చిన్నబిడ్డను ఎత్తుకునే ఫోన్ దగ్గరికి వెళ్లండి.

4. బండల నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. నులకమంచం, పరుపు, ఉయ్యాల పనికిరావు. మీరు నొక్కింది మంచం మింగేస్తుంది, గుండెకు చేరదు.

5. పసిబిడ్డకు: రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని, రెండు బొటనవేళ్లు పక్కపక్కన చనుమొనల గీతకు కాస్త కింద పెట్టి నొక్కండి. చేతులు అందకపోతే ఒక అరచేతి అడుగు. సుమారు 4 సెంటీమీటర్లు. పిల్లలకు: ఒక అరచేతి అడుగు, బలం చాలకపోతే రెండు చేతులు. సుమారు 5 సెంటీమీటర్లు. రెండిట్లోనూ ఛాతీ మందంలో మూడో వంతు దిగాలి. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి.

6. 30 నొక్కులు. తర్వాత నోరు చూడండి, గింజ కనబడితే తీయండి. తర్వాత 2 ఊపిర్లు.

7. ఊపిరి ఇచ్చేటప్పుడు పసిబిడ్డ తలను నిటారుగా, ముఖం ఆకాశం వైపు ఉండేలా ఉంచండి. ఎక్కువ వెనక్కి వంచితే సన్నని గొంతు మూసుకుపోతుంది. భుజాల కింద మడిచిన తువ్వాలు పెడితే తల తనంతట అదే సరైన చోట నిలుస్తుంది. పిల్లలకైతే గడ్డం ఎత్తి తల కాస్త వెనక్కి. మీ నోటితో పసిబిడ్డ నోరు, ముక్కు రెండూ కప్పేయండి. పిల్లలకు ముక్కు మూసి నోటి మీద నోరు. బుగ్గల నిండా పట్టినంత గాలి చాలు, ఒక్కో సెకను. ఛాతీ లేచిందా అన్నదే లెక్క. లేవకపోతే తల సరిచేసి ఇంకోసారి ప్రయత్నించి, రెండోసారి కూడా లేవకపోయినా నొక్కులకు వెళ్లిపోండి.

8. 30కి 2, ఇలాగే. 108 సిబ్బంది చేతికి తీసుకునేదాకా లేదా బిడ్డ ఊపిరి తీసేదాకా. పక్కన ఇంకొకరు ఉంటే 2 నిమిషాలకోసారి మారండి. అలసిన చేతులు లోతు తగ్గిస్తాయి, చేసేవాళ్లకు అది తెలియదు.

వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే 30 నొక్కులు 15 నుంచి 18 సెకన్లలో అయిపోవాలి. ఇక్కడ మన లెక్కే మనల్ని వెనక్కి లాగుతుంది. "ఒకటి, రెండు" వరకు వేగంగానే సాగుతుంది గానీ "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" దగ్గరకు వచ్చేసరికి నోరు తిరగక చేయి నెమ్మదిస్తుంది. అందుకని 1 నుంచి 10 వరకు మూడుసార్లు లెక్కపెట్టండి. ఫోన్‌లో టైమర్ పెట్టి, చుట్టిన తువ్వాలు మీద ఈరోజే ఒకసారి సాధన చేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మీద మాత్రం సాధన చేయొద్దు.

పక్కటెముక విరుగుతుందేమోనని మెల్లగా నొక్కేవాళ్లే ఎక్కువ. ఎముక అతుకుతుంది. అందని రక్తం కోసం మెదడు ఆగదు.

నీళ్లలో మునిగిన బిడ్డకు ఒక్క మార్పు: ముందు 5 ఊపిర్లు ఇచ్చి, తర్వాత 30 నొక్కులు మొదలుపెట్టండి. అక్కడ తగ్గింది గాలే. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తల చుట్టూ గిరగిరా తిప్పడం, ఉప్పులో పూడ్చిపెట్టడం, వీటన్నిటిలో పోయేది కాలమే. కేసీ కాలువ, హంద్రీ-నీవా కాలువ, చేనిలోని నీటికుంట అంటే అందరికీ భయం ఉంది. నీటి ఎద్దడికి భయపడి నింపి పెట్టుకున్న డ్రమ్ము, మూతలేని సంపు, బాత్‌రూంలో సగం నిండిన బకెట్ అంటే లేదు. నడక నేర్చే బిడ్డ తల బరువు ఎక్కువ, బకెట్‌లోకి వంగితే తిరిగి లేవలేదు. వాడని బకెట్లు బోర్లించి పెట్టండి. మునిగి తేరుకున్న బిడ్డ బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఊపిరి ఉండి స్పృహ మాత్రమే లేకపోతే సీపీఆర్ వద్దు. పక్కకు ఒత్తిగించి పడుకోబెట్టి, నిమిషానికోసారి ఊపిరి చూస్తూ ఉండండి.

3. కాలితే

సంగటి కుండ, స్నానానికి కాచిన నీళ్లు, టీ గ్లాసు, పొయ్యి మీది నూనె. ఏదైనా సరే ఒకటే వైద్యం: మామూలు చల్లటి నీళ్లు, 20 నిమిషాలు.

1. వేడి తగిలిన బట్టలు వెంటనే తీయండి. చర్మానికి అతుక్కున్న ముక్కను లాగొద్దు, చుట్టూ కత్తిరించండి. గాజులు, కడియాలు, మురుగులు, మొలతాడు, దిష్టితాడు అన్నీ తీసేయండి లేదా కోసేయండి. గంటలో అక్కడ వాపు వస్తుంది, అప్పుడు తాడు కోసేందుకు సందు ఉండదు.

2. కొళాయి కింద పెట్టండి. కొళాయి రాని రోజైతే బిడ్డను టబ్బులో నిలబెట్టి చెంబుతో పోస్తూ, టబ్బులో పడిన నీళ్లే మళ్లీ తోడి పోయండి. ఫోన్‌లో టైమర్ పెట్టండి. రెండు నిమిషాలు పోసి "చల్లబడింది" అనుకోవడమే ఎక్కువ మంది చేసే తప్పు. పైన చల్లబడినా లోపలి పొరలో వేడి పని చేస్తూనే ఉంటుంది. ఆలస్యమైనా పర్వాలేదు, 3 గంటల లోపు ఎప్పుడు మొదలుపెట్టినా మేలే.

3. కాలని భాగాలకు దుప్పటి కప్పండి. పసిబిడ్డ తొందరగా చల్లబడిపోతుంది, వణుకు వస్తే నీళ్లు ఆపండి.

4. ఉతికిన పొడి నూలుగుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి.

పేస్ట్, సిరా, పసుపు, దోసెపిండి, కోడిగుడ్డు, వెన్న, ఐసుగడ్డ ఏదీ వద్దు. పూసినవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, ఆసుపత్రిలో వాటిని గీకి తీసేటప్పుడు బిడ్డ రెండోసారి నరకం చూస్తుంది. బొబ్బలు చిదమొద్దు.

వేళ్లతో సహా బిడ్డ అరచేయి ఎంత ఉందో ఒంట్లో అది సుమారు నూటికి 1 వంతు. కాలిన చోటు అంతకన్నా ఎక్కువ ఉన్నా, ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్లు కాలినా, కరెంటు తగిలినా, పసిబిడ్డకు ఎంత చిన్నది కాలినా ఇంట్లో ఉంచుకోవద్దు.

4. జ్వరంతో ఫిట్స్ వస్తే

1. గడియారం చూడండి. ఇదే మొదటి పని. భయంలో ఒక నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది, డాక్టర్ అడిగేది మాత్రం ఎన్ని నిమిషాలని.

2. నేల మీద పక్కకు ఒత్తిగించి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. చుట్టూ తగిలేవి జరపండి.

3. కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏవీ వద్దు. నాలుక మింగేస్తారన్నది నిజం కాదు. తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం ఫిట్స్‌ను ఆపవు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆ పేరు తాళాలకు వస్తుంది.

4. 5 నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా, పెదవులు నీలమైనా, తల నేలకు తగిలి ఉన్నా 108. మొదటిసారి వస్తే ఆగిపోయినా సరే ఆసుపత్రికి. ఆరు నెలల లోపు, ఐదేళ్ల పైబడ్డ పిల్లలకు వస్తే కారణం వేరే ఉండొచ్చు, అసలు ఆలస్యం వద్దు.

ఆగాక గంట వరకు మత్తుగా నిద్రపోవడం మామూలే. ఊపిరి సమంగా ఉందా, పిలిస్తే కాస్తయినా కదులుతోందా అన్నది చూస్తూ ఉండండి.

జ్వరం మందు దగ్గర జరిగే తప్పు ఒకటి తప్పక చెప్పాలి. పారాసిటమాల్ మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150. అదే 150 మిల్లీగ్రాములు 5 మి.లీ.లో 125 ఉండే సిరప్‌లో 6 మి.లీ., 250 ఉండే సిరప్‌లో 3 మి.లీ., 1 మి.లీ.లో 100 ఉండే డ్రాప్స్‌లో ఒకటిన్నర మి.లీ. సీసా మారినప్పుడు పాత కొలతే పోస్తే, డ్రాప్స్ 6 మి.లీ. అంటే నాలుగింతల మందు, కాలేయానికి విషం. ప్రతిసారీ సీసా మీది అంకె చదవండి. వంటింటి చెంచాతో కొలవొద్దు. డోసుకీ డోసుకీ కనీసం 4 గంటల ఎడం, రోజుకు 4 సార్లకు మించొద్దు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేయకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి.

5. తేలు, పాము

కడప బండలు, బేతంచెర్ల బండలు పేర్చిన చోట, కట్టెల మోపు కింద, బూట్లలో ఎర్రతేలు ఉంటుంది. పెద్దవాళ్లకు నొప్పితో పోయేది పిల్లలకు గుండె మీదికి వస్తుంది. కుట్టిన చోటు కడిగి, తడిగుడ్డ వేసి, కిలో లెక్కన పారాసిటమాల్ ఇచ్చి వెంటనే బయలుదేరండి. కట్టు కట్టొద్దు, కోయొద్దు.

దారిలో చూడాల్సినవి: ఒళ్లంతా చెమటలు పడుతూ చేతులూ కాళ్లూ మంచులా చల్లబడటం, వాంతులు, చొంగ కారడం, మగబిడ్డకు అంగం బిగుసుకోవడం, ఆయాసం. నొప్పి తక్కువగా ఉన్నా ఈ గుర్తులుంటే విషం ఒంట్లోకి ఎక్కిందని. దీనికి ప్రాజోసిన్ అనే మాత్ర వాడతారు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలు కాటుకు దీన్ని వాడి చూపించారు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయే మందు అది, ఇంట్లో వేసేది కాదు.

పాము కాటుకైతే బిడ్డను నడవనివ్వొద్దు. కాటు పడిన చేయి లేదా కాలికి చెక్కో, మడిచిన అట్టో ఆనించి గుడ్డతో వదులుగా కట్టి కదలకుండా చేయండి. కడియాలు, మొలతాడు, దిష్టితాడు తీసేయండి. బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు, మంత్రం ఏదీ వద్దు. పామును వెతికి చంపుతూ కూర్చోవద్దు.

కట్లపాము సంగతి వేరుగా గుర్తు పెట్టుకోండి. నేల మీద పడుకున్న బిడ్డను రాత్రి కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచిన బిడ్డకు రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, మింగలేకపోతే గ్యాస్ అనుకోకండి. నేరుగా పాము విరుగుడు మందు ఉండే సర్కారు ఆసుపత్రికి వెళ్లండి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్ పెద్దవి. దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో మందు ఉందో లేదో 108 వాళ్లనే అడగండి. పిల్లలకు ఆ మందు తక్కువ మోతాదు కాదు, పెద్దవాళ్లకు ఇచ్చినంతే ఇస్తారు. ఎక్కువ ఇస్తున్నారని భయపడి ఆపమనొద్దు.

6. తాగకూడనిది తాగితే

కిరోసిన్, ఫినాయిల్, పత్తిచేనుకు కొట్టే మందు ఏది తాగినా వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, గొంతులో వేలు వద్దే వద్దు. కిరోసిన్ కడుపులో కన్నా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం, వాంతి దాన్ని అక్కడికే చేరుస్తుంది. పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు తీసి సబ్బుతో కడగండి, కడిగే చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. డబ్బాను వెంట తీసుకెళ్లండి. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో మందు పోసి పెట్టే అలవాటు ఈరోజే మానండి.

బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీ మింగితే నాణెంలా బయటికి పోతుందని ఎదురుచూడొద్దు. గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపలి గోడను కాల్చేస్తుంది. వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. బిడ్డకు ఏడాది నిండి, మింగగలుగుతూ, మింగి 12 గంటలు దాటకపోతే దారిలో 10 నిమిషాలకోసారి 10 మి.లీ. తేనె నాకించండి, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం ప్రయాణం ఆపొద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు.

108 వచ్చాక చెప్పాల్సినవి

కంగారులో అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఒక్కరే మాట్లాడండి, ఈ వరుసలో చెప్పండి: బిడ్డ వయసు, బరువు. ఏం జరిగింది, ఎన్ని గంటలకు. ఊపిరి ఎంతసేపు ఆగింది లేదా ఫిట్స్ ఎన్ని నిమిషాలు. మీరు ఏం చేశారు, ఏం మందు ఎన్ని మి.లీ. వేశారు. పసరో, నాటుమందో, మంత్రించిన తాడో ఇంట్లోవాళ్లు వేసి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి, ఆ తాడు ఇంకా కట్టి ఉంటే చూపించండి. తాడు బిగించి ఉన్నదాన్ని ఆసుపత్రిలో డాక్టర్ చూస్తుండగానే విప్పాలి.